వారానికి పదిహేనుసార్లు

వారానికి పదిహేనుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. నేను చూశాను, కాగితం మీద. పేరు కున్మనారా హాలెట్, పుట్టినరోజు 1956 జులై ఒకటి, ఊరు ఇటారా. కిడ్నీలు పోయిన మామూలు మనుషులకి వారానికి మూడుసార్లు సరిపోతుంది. ఈ మహాతల్లి సోమవారం పొద్దున మా ఊరి క్లినిక్‌లో ఉన్న నాలుగు కుర్చీల్లోనూ ఒక్కసారే కూర్చుంది. బుధవారం, శుక్రవారం కూడా అంతే. అది చాలక మంగళ, గురు, శనివారాల్లో మళ్లీ వచ్చి ఒక కుర్చీ పట్టింది. ఆ వరుస పక్కన రికార్డుల ఆఫీసువాళ్లు ఒక ముక్క రాసిపెట్టారు: "అసంభవం. తొలగించడమైనది."

అడిలైడ్‌లో, యూనివర్సిటీ మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని ఇది చదివి నేను పగలబడి నవ్వాను. పక్క బల్లావిడ చెవుల్లోంచి వైర్లు పీకి నా వైపు చూసింది. ఆరోగ్య అర్థశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లు సాధారణంగా నవ్వరు, ఆవిడకి అలవాటు లేదు.

తర్వాత పైన ఉన్న ఇంకో జాబితా చూశాను. నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. "చికిత్స మధ్యలో మానేసి ఆచూకీ లేకుండా పోయినవారు: అయిదుగురు." అందులో ఒకటి మా మేనత్త పేరు. ముందురోజు ఆదివారం మా అత్త ఫోన్లో నన్ను అరగంట తిట్టింది, ఈస్టర్‌కి ఊరికి రాలేదని. ఆచూకీ లేని మనిషి అంత గట్టిగా తిట్టదు.

ఆ పేరు నేనిక్కడ రాయను. మేం ఎడారి ఆదివాసులం, మాలో ఒక మనిషి పోతే ఆ పేరు కూడా కొన్నాళ్లు పోతుంది. ఎవరూ పలకరు, రాయరు. అదే పేరుతో బతికున్నవాళ్లు దాన్ని పక్కన పెట్టేసి కున్మనారా అయిపోతారు. పోయినావిడ సొంతవాళ్లు ఇక చాలు అన్నప్పుడు పేరు తిరిగొస్తుంది. ఏడాదికా, మూడేళ్లకా అంటే అది వాళ్ల కడుపుకోతకే తెలియాలి.

కిందటేడు జూన్‌లో, అంటే మాకు చలికాలం, మా ఊళ్లో ఒకావిడ పోయింది. ఊళ్లో క్రైస్తవ మిషన్ నడిచిన రోజుల్లో అక్కడి దొరసాని తన పేరే దొరికిన ఆడపిల్లకల్లా పెట్టుకుంటూ పోయింది కాబట్టి, ఆ పేరుతో ఇంకా అయిదుగురు బతికున్నారు. వాళ్లు ఎప్పుడు పుట్టారో ఆవిడకి తెలియదు, అడగనూ లేదు, అందరికీ ఒకటే తేదీ రాసి పడేసింది. ఇంటిపేరు వాళ్ల నాన్నలు పశువులు కాసిన హాలెట్ దొరది. కిడ్నీల జబ్బు ఒక్కటే ఎవరిది వాళ్లకి విడిగా వచ్చింది.

క్లినిక్‌లో పనిచేసేది మా నోరీన్ అక్క, మా పెద్దనాన్న కూతురు. వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, అత్తావాళ్ల ఫైళ్లు ఏం చేశావు?"

"ఏం చేస్తానే, మూసేశా. ఆ పేరుతో పిలిచి సూది గుచ్చమంటావా?"

"మూసేసి?"

"కొత్తవి తెరిచా. అయిదుగురికీ అయిదు. కున్మనారా అని శుభ్రంగా రాశా." అంతలోనే తనే అడిగింది. "ఏం, తప్పయిందా?"

"తప్పే అక్కా. నీ చోట నేనున్నా అదే తప్పు చేసేదాన్ని."

అయిదు కొత్త ఫైళ్లు, ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు, ఒకటే పుట్టినరోజు, ఒకటే ఊరు. పట్నంలో కంప్యూటరు వాటిని చూసి, ఎవరో ఒకే మనిషిని అయిదుసార్లు ఎక్కించారనుకుని కలిపేసింది. కలిపాక వచ్చిన మనిషి వారానికి పదిహేనుసార్లు వస్తోంది కాబట్టి ఆవిణ్ణీ తీసేసింది. పాత పేరు ఫైళ్లకి పట్నం ఆస్పత్రివాళ్లు ఎప్పుడో విడివిడిగా నంబర్లు కట్టారు కాబట్టి అవి కలవలేదు, వాటిలో అయిదుగురు మాయం. కొత్త పేరుతో ఉన్న ఒక్కతీ అసంభవం. అయిదుగురు ఆడవాళ్లు రోజూ వచ్చి కూర్చుంటున్న కుర్చీలు లెక్కలో ఖాళీగా ఉన్నాయి.

ఇదేదో కాగితాల గొడవే అయితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఇటారాలో ఆ నాలుగు కుర్చీలు మూడేళ్ల ప్రయోగం కింద వచ్చాయి. గడువు దగ్గర పడింది. వాటిని ఉంచాలా ఎత్తెయ్యాలా అని తేల్చడానికి ఒక కమిటీ ఉంది, ఆ కమిటీకి లెక్క కట్టి ఇవ్వాల్సింది నేను. నా పీజీ పరిశోధనే అది. పద్నాలుగుమంది వాడుతున్నారంటే తలకి అయ్యే ఖర్చు పట్నం ఆస్పత్రి కంటే తక్కువ. తొమ్మిదిమందే అంటే ఎక్కువ. పైగా "అయిదుగురు మధ్యలో మానేశారు" అన్న ముక్క ఒకటి చాలు, వీళ్లకి ఎంత చేసినా ఇంతేనని తల ఊపడానికి.

కుర్చీలు ఎత్తేస్తే అత్త ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్లిపోవాలి, నాలుగువందల ఎనభై కిలోమీటర్లు. కుర్చీలు రాకముందు రెండేళ్లు ఆవిడ అక్కడి హాస్టల్లో ఉంది. ఆ రెండేళ్లలోనే మా నాన్న పోయాడు. తమ్ముణ్ణి పూడ్చేరోజు ఆవిడ యంత్రం వదిలి రాలేకపోయింది. ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి ఏడవాల్సిన ఏడుపు, గదిలో టీవీ పెట్టుకుని ఒక్కతే ఏడ్చింది. మళ్లీ పంపిస్తే యంత్రం ఆవిణ్ణి బతికిస్తుంది, కాదనను. ఆ బతుకు నేను చూశాను, ఇంకోసారి చూడలేను.

నా గైడు మార్గో లీస్క్. చెడ్డది కాదు. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ఆలస్యమైతే నా తరఫున నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. నేను చెప్పింది విని కుర్చీలో ముందుకి జరిగింది.

"డెల్మా, ఇది బంగారం. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. ఆ పేరుమార్పు ఫారం నింపించి తెచ్చెయ్, అయిదుగుర్నీ మళ్లీ లెక్కలో కలిపేద్దాం."

ఆ ఫారం ఒక్క పేజీ. పాత పేరు, కొత్త పేరు, సంతకం. రోగి తన చేత్తో రాయాలి.

"పాత పేరు రాయరండీ."

"ఎవరికీ చూపించం. తాళం వేసిన ఫోల్డర్లో ఉంటుంది."

"తాళం సంగతి కాదు మార్గో. అసలు రాయడమే కుదరదు."

"పోనీ పాత నంబరు, కొత్త నంబరు?"

"ఏ నంబరు ఎవరిదో చెప్పి సంతకం పెట్టాల్సింది మళ్లీ ఆ పేరుతోనే. రికార్డుల ఆఫీసుని అడిగాను, అది లేకపోతే ముట్టుకోమన్నారు."

మార్గో కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అలా చేసిందంటే ఇక మెత్తగా చెబుతుందని అర్థం, మెత్తగా చెప్పిందంటే ఒప్పుకోదని అర్థం.

"అలాగైతే నివేదికలో తొమ్మిదే వెయ్యి. కింద చిన్న గమనిక పెడదాం, కొంత సమాచారం సరిచూడలేకపోయామని."

"మా అత్త ఆ చిన్న గమనికలో సర్దుకోవాలా?"

"నిరూపించలేనిది లెక్కలోకి రాదు. ఈ శాస్త్రం నిలబడిందే దాని మీద."

"ఒకే మనిషి నాలుగు కుర్చీల్లో కూర్చుందంటే ఈ శాస్త్రం ఏడాదిపాటు చూస్తూ ఊరుకుంది కదండీ."

"ఊరుకోలేదు. తీసేశాం."

"నేను చెప్పేదీ అదే."

ఆవిడకి కోపం రాలేదు, నాకొచ్చింది. కోపం వచ్చినా ఫారాలు మాత్రం అయిదు ప్రింటు తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఆ సంగతి దాచను. కమిటీ మీటింగుకి ఇంకా రెండు వారాలుంది. కాళ్లు పట్టుకునో గడ్డం పట్టుకునో అత్తని ఒప్పించవచ్చని నాలో ఒక మూల అనుకుంటూనే ఉన్నాను.

ఇటారా చేరేసరికి శనివారం మధ్యాహ్నం. క్లినిక్ వెనక గోడ నీడలో అత్త, ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. నిప్పుల కింద కంగారూ తోకలు కాలుతున్నాయి. నలుగురూ కున్మనారాలే. అయిదో ఆవిడ లోపల కుర్చీలో ఉంది.

"చదువుల తల్లి వచ్చిందమ్మా, జరగండి," అంది అత్త. "ఎండలో నిలబెడితే తెలివి కరిగిపోతుంది."

"బక్కచిక్కింది," అంది నలుగురిలోకీ పొడుగాటి కున్మనారా. "అక్కడ తిండి పెట్టట్లేదా, లెక్కలే పెడుతున్నారా?"

తోక ముక్క ఒకటి నా చేతిలో పెట్టారు. తింటూ తింటూ మొదటి కాగితం తీశాను. అది ఫారం కాదు, ఇంకోటి. నా పరిశోధనలో అందర్నీ అడగాల్సిన ప్రశ్న. ఇన్నాళ్లూ అత్తని అడగకుండా తప్పించుకున్నాను.

"అత్తా, ఇది అడగాలి, తిట్టకు. నీకు పట్నంలో పదేళ్ల బతుకు ఇస్తామన్నారనుకో. దానికి బదులు ఇక్కడ ఊళ్లో ఎన్నేళ్లయితే సరే అంటావు? తొమ్మిదా, ఏడా, అయిదా?"

అత్త నమలడం ఆపి నా వైపు చూసింది.

"ఆ పదేళ్లు ఎవరి దగ్గరున్నాయి?"

"ఎవరి దగ్గరా లేవు. ఊరికే అనుకోవాలి."

"లేనివి ఇస్తానని ఉన్నవి అడుగుతున్నాడా? వాణ్ణే వచ్చి అడగమను."

"మొన్న ఇళ్లకి రంగులేస్తామని సంతకాలు పెట్టించుకున్నవాడూ ఇలాగే అడిగాడు," అంది పొడుగాటావిడ. అందరూ నవ్వారు. కాగితంలో జవాబు దగ్గర ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. మార్గో అక్కడ ఒక అంకె ఉండాలంటుంది.

ఆ నవ్వు చల్లారకముందే రెండో కాగితం తీశాను. మంచి సమయం అనుకున్నాను, బుద్ధి లేనిదాన్ని. విషయం మొత్తం చెప్పాను. కంప్యూటరు కలిపేసిన సంగతి, పదిహేనుసార్ల సంగతి చెబితే ఇంకా నవ్వారు. కుర్చీలు ఎత్తేస్తారేమో అన్నాక నవ్వు ఆగింది. ఫారంలో మొదటి గడి చూపించాక ఎవరూ నా మొహం చూడలేదు.

"నువ్వు రాయక్కర్లేదత్తా," అన్నాను గబగబా. "నేనే రాస్తాను. నువ్వు చూడను కూడా చూడొద్దు. వేలిముద్ర వేస్తే చాలు."

అత్త గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"నువ్వు రాస్తావా. నీకు మీ అమ్మ పాలు లేకపోతే నిన్నెత్తుకుని ఊరంతా తిరిగింది ఆ పోయినావిడ. ఆవిడ పేరు నువ్వు రాస్తావు. నా రక్తం కడుక్కోవడానికి."

"కుర్చీ పోతుందత్తా."

"పోతే పోనీ. కుర్చీ కోసం ఆవిణ్ణి అమ్మను. నువ్వు అమ్ముతావా?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు. ఇన్నేళ్లూ మా గురించి వేరేవాళ్లు లెక్కలు కడుతున్నారు, మనమే కడదామని నేను ఆ చదువుకి వెళ్లాను. తీరా వాళ్ల ఫారం మోసుకొచ్చింది నేనే, వాళ్ల మాటకి అందరికంటే ముందు వంగిందీ నేనే. అయిదు కాగితాలూ నిప్పుల్లో పడేశాను. తోకలకి మసి అంటుకుందని పొడుగాటావిడ విసుక్కుంది.

చాలాసేపటికి అత్తే అడిగింది. "ఇంతకీ వాళ్లకి కావలసిందేంటి? మేం ఎంతమందిమో తెలియాలి, అంతేగా?"

"అంతే. కానీ పాత ఫైల్లో ఉన్న మనిషివి నువ్వేనని తెలియాలి."

"పేరు లేకపోతే తెలీదా?"

"ఎలా తెలుస్తుందత్తా, మొహం ఫైల్లో ఉండదుగా."

అత్త చొక్కా చెయ్యి పైకి తోసింది. ఎడమ చేతి మీద, మోచేతి పైన, సూదులు గుచ్చే నాళం లావుపాటి తాడులా ఉబ్బి ఉంది. దాని పక్కన కోత మచ్చ. డయాలసిస్ మీద ఉన్నవాళ్లందరికీ ఉండేదే, ఆపరేషన్ చేసి రెండు నాళాలు కలుపుతారు. చెయ్యి పెడితే లోపల జుమ్మని అదురుతుంది.

"ఇది కోసినప్పుడు ఏదో రాసుకున్నారే, గంటసేపు. రూలుకర్ర పెట్టి కొలిచారు కూడా. నాది రెండుసార్లు కోశారు. దీనిది ముంజేతి మీద. లోపలున్నదాని చెయ్యి చూడు, పాము మెలిక తిరిగినట్టు ఉంటుంది. ఏ రెండూ ఒకలా ఉండవు. అవన్నీ ఏం చేశారు, పారేశారా?"

పారెయ్యలేదు. ఏడాదిన్నరగా ఆ ఫైళ్లు నా దగ్గరే ఉన్నాయి. ఆపరేషన్ గడిలో నేను చూసింది ఒక్క ఖర్చు అంకె. పక్క గడిలో ఏ చెయ్యి, ఎక్కడ, ఎంత పొడవు అని సర్జన్లు రాసిన నాలుగేసి వరుసలు నేనెప్పుడూ తెరవలేదు. ఆ మధ్యాహ్నమే నోరీన్ అక్క గదిలో కూర్చుని తెరిచాను. అయిదు పాత ఫైళ్లు, అయిదు వేరువేరు చేతులు.

మార్గోకి ఫోన్ చేసి చెప్పాను.

"చేతులు తీసుకొస్తావా?" అంది. "డెల్మా, అది పద్ధతి కాదు. ఫారం లేకుండా పద్నాలుగు అని చెబితే అది సరిచూడని అంకె. ఆ నివేదిక మీద నా పేరు ఉంచలేను. పరీక్షకులు అడిగితే నిన్ను వెనకేసుకురాలేను కూడా."

"కోసింది మీ డాక్టర్లే, కొలిచి రాసింది మీ డాక్టర్లే. సరిచూడ్డానికి ఇంకేం కావాలండీ?"

"నా మాట విను. రెండేళ్ల చదువు."

"విన్నాను," అని పెట్టేశాను. మర్నాటికి కవరు పేజీ మీంచి తన పేరు తీసేసిన కాపీ పంపింది. పేర్లు తీసేసుకోవడం మావాళ్లకి కొత్త కాదు, కాకపోతే మేం ఎవరైనా పోతేనే తీస్తాం.

మీటింగు గురువారం ఆలిస్‌లో. బుధవారం నలుగురూ యంత్రాల మీంచి లేవగానే టయోటాలో ఎక్కించుకుని బయల్దేరాను. శుక్రవారం మధ్యాహ్నానికల్లా మళ్లీ కుర్చీల్లో ఉండాలి, లేకపోతే ఒళ్లంతా నీరు పడుతుంది. ఎర్రమట్టి దారి, బయట ముప్పై ఆరు డిగ్రీలు. కిడ్నీలు పోయినవాళ్లు కాబట్టి నీళ్లు ఒక్కొక్కరికి చిన్న గ్లాసుడే. దాహం వేసినప్పుడల్లా ఒకరినొకరు తిట్టుకుంటూ వచ్చారు.

"నువ్వు గుక్క ఎక్కువ తాగావు."

"నేను తాగింది నీ పేరు మీద వేసుకో. ఎలాగూ అందరం ఒకటేగా."

మీటింగు గదిలో ఏసీ చలికి అత్త దుప్పటి కప్పుకుంది. బల్లకి అటు కమిటీ ఏడుగురు. మధ్యలో అధ్యక్షుడు లయనెల్ స్ట్రౌడ్, పక్కన డాక్టర్ ట్రెగన్నా అని తల నెరిసిన రక్తనాళాల సర్జనమ్మ. మార్గో ఒక మూల, నోటుబుక్కు మూసి. నేను తెర మీద మొదటి అంకె వేశాను: పద్నాలుగు.

"మాకు ముందు వచ్చిన కాగితంలో తొమ్మిది అని ఉంది," అన్నాడు స్ట్రౌడ్.

ఎందుకలా ఉందో చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

"అర్థమైంది, విచారకరం. మరి ఆ అయిదుగురి ఫారాలు?"

"లేవు."

"ఎప్పటికి వస్తాయి?"

"రావు."

అతను మార్గో వైపు చూశాడు. మార్గో బల్ల వైపు చూసింది. అతను గొంతు సవరించుకుని ఏదో అనబోయేలోపు అత్త లేచి, దుప్పటి నా మీద పడేసి, బల్ల దగ్గరికెళ్లి, చొక్కా చెయ్యి పైకి లాగి, ఎడమ చెయ్యి తీసుకెళ్లి సరిగ్గా అతని కాగితాల మీద పెట్టింది.

"చూడు," అంది.

పొడుగాటావిడ వచ్చి తన చెయ్యి దాని పక్కన పెట్టింది. తర్వాత మిగతా ఇద్దరూ. నాలుగు నల్లటి చేతులు, నాలుగు రకాల మచ్చలు. స్ట్రౌడ్ కుర్చీ వెనక్కి జరిగింది. డాక్టర్ ట్రెగన్నా మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని ముందుకొచ్చింది. తన లాప్‌టాప్‌లో పాత ఫైళ్లు తెరిపించి ఆపరేషన్ నోట్సు చదవడం మొదలెట్టింది. ఎడమ చెయ్యి, మోచేతి మడతకి పైన, రెండో ఆపరేషన్ తర్వాత పదకొండు సెంటీమీటర్లు. కొలటేపు ఎక్కడో తెప్పించి పెట్టింది. పదకొండు. మచ్చ మీద వేళ్లు ఆనించి, లోపలి అదురు వింటున్నట్టు కాసేపు కళ్లు మూసుకుంది.

"ఇది నేను కోసిందే," అంది.

"నాకు నీ మొహం గుర్తుంది," అంది అత్త. "నీకు నా మొహం గుర్తులేదు, చెయ్యి గుర్తుంది. పర్లేదు, ఏదో ఒకటి."

సర్జనమ్మ మొహం ఎర్రబడింది. రెండో చేతికి వెళ్లింది, మూడో చేతికి, నాలుగో చేతికి. ప్రతిదానికీ ఒక పాత ఫైలు దొరికింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఏడాదిపాటు నా శాస్త్రం చెయ్యలేని పని.

"నలుగురే ఉన్నారు కదా," అన్నాడు స్ట్రౌడ్.

"అయిదోది కుర్చీలో ఉంది. గురువారం దాని వంతు," అంది అత్త. "కుర్చీ ఖాళీగా పెట్టి వస్తే వాడట్లేదని రాసుకోరూ?"

ఫోన్ కలిపాను. నోరీన్ అక్క తెర మీదకొచ్చి, ఫోను తిప్పి, సూదులతో ఉన్న చెయ్యి చూపించింది. వెనకాల యంత్రం చప్పుడు. అయిదో కున్మనారా గొంతు వినిపించింది. "తొందరగా చూసుకోమనండి. ఎక్కువ మాట్లాడితే నాకు బీపీ పడిపోద్ది." డాక్టర్ ట్రెగన్నా తెరకి దగ్గరగా వంగి, ముంజేతి మీది మెలిక చూసి, ఇదీ సరిపోయిందని తల ఊపింది.

స్ట్రౌడ్ చెడ్డగా అడగలేదు. మంచిగానే అడిగాడు, అందుకే ఇంకా మండింది. "అమ్మా, మీరింత దూరం, ఇంత కష్టపడి వచ్చారు. ఆ పేరు ఒక్కసారి చెబితే ఇదంతా నిమిషంలో అయిపోయేది. తలుపులు వేయిస్తాను. ఇప్పటికైనా ఈ గదిలోనే చెబితే రికార్డు సరిగ్గా ఉంటుంది."

అత్త చెయ్యి ఇంకా అతని కాగితాల మీదే ఉంది.

"ఆ పేరు ఆవిడతో వెళ్లింది. ఏడుస్తున్నవాళ్లు ఊళ్లో ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. నీకు పని సులువవుతుందని చచ్చినదాన్ని నేను లేపాలా? నా పుట్టినరోజు మీరే రాశారు. నా ఇంటిపేరు మీదే. ఈ చెయ్యి కూడా మీరే కోశారు. ఇన్ని మీ దగ్గర పెట్టుకుని, నేను లేనని మీరే రాశారు. ఇప్పుడు నా దగ్గర మిగిలిన ఒక్కటీ కూడా ఇచ్చి, ఉన్నానని చెప్పించుకోవాలా? చెప్పను. నాలుగువందల ఎనభై కిలోమీటర్లు వచ్చి కూర్చున్నాను. ఉన్నానో లేనో నువ్వే చెప్పు."

పన్నెండు రోజుల క్రితం ఇదే మనిషి చేత వేలిముద్ర వేయించబోయాను నేను.

డాక్టర్ ట్రెగన్నా ఖాళీ ఫారం ఒకటి అడిగి తీసుకుంది. పాత పేరు అన్న గడిలో చెయ్యి వివరం రాసింది, ఎక్కడ, ఎంత పొడవు, ఎన్ని కోతలు. కింద తన సంతకం పెట్టింది. అలాంటివి అయిదు రాసి స్ట్రౌడ్ ముందుకి తోసింది.

"రికార్డుల ఆఫీసు దీన్ని కాదంటే నాతో మాట్లాడమనండి," అంది.

అతను అయిదూ చదివాడు. పక్కవాళ్లతో గుసగుసలాడాడు. చేతులెత్తమన్నాడు. ఏడుగురిలో ఆరుగురు ఎత్తారు. "పద్నాలుగుమంది అన్న లెక్క ఒప్పుకుంటున్నాం. ఆ లెక్క మీద మూసివేత ప్రతిపాదన నిలబడదు. కుర్చీలు ఇటారాలోనే ఉంటాయి."

మూలనుంచి మార్గో లేచి నా దగ్గరికొచ్చింది. "పద్ధతుల అధ్యాయం మొత్తం మనం మళ్లీ రాయాలి," అంది మెల్లగా.

"మనం అంటే ఎవరండీ?" అన్నాను. "కవరు మీద నేనొక్కదాన్నే ఉన్నాను." ఆవిడ నొచ్చుకుంది. నొచ్చుకోనీ అనుకున్నాను. కొన్నాళ్లకి కలిసే రాశాం, అది వేరే సంగతి.

నలుగురూ చొక్కా చేతులు కిందికి లాక్కుంటున్నారు. నేను కారు తాళాలు వెతుక్కుంటున్నాను, ఎండ దిగకముందే బయల్దేరితే సగం దారి వెలుతురు ఉంటుంది. అప్పుడు స్ట్రౌడ్ మళ్లీ పిలిచాడు. మీటింగు మినిట్స్‌లో వచ్చినవాళ్ల పేర్లు రాయాలట.

"కున్మనారా హాలెట్," అంది అత్త.

రాసుకున్నాడు. "తర్వాత?"

"కున్మనారా హాలెట్," అంది పొడుగాటావిడ.

పెన్ను ఆగింది. "నంబర్లు వేసుకోనా? ఒకటి, రెండు, అలా?"

"వద్దు," అంది అత్త.

"మరి రేపు ఇది చదివేవాళ్లకి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? అందరూ ఒకే పేరుతో ఉంటే మీలో మీరు పొరబడరా?"

అత్త అతని వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూసింది.

"మేమెప్పుడు పొరబడ్డాం?" అంది. వెళ్లిపోవడానికి లేచినదల్లా మళ్లీ కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. "రాయి."

అతను ఒకదాని కింద ఒకటి, మొత్తం ఇంటిపేరుతో సహా రాయడం మొదలుపెట్టాడు. అయిదోసారి రాసేదాకా అత్త లేవలేదు.